మతిని హరించు వాసనలు

పాఠము మరచిన బాలుని సోమరియని నిందించుట మనలో వాడుక. మరపునకు ఆకలి, నిద్రలేమి, ఇంటి కలహములు కారణములు కావచ్చును. ఈ కాలమున మరియొక కారణమును గూడ తల్లిదండ్రులును ఉపాధ్యాయులును తలపోయవలసి యున్నది. అది జిగురు, థిన్నరు, పెట్రోలు, వైట్నరు మొదలగువాని ఆవిరిని మత్తుకొరకు పీల్చుట.

థిన్నరులందును కొన్ని జిగురులందును టొలుయీన్ అను ద్రావకముండును. అది క్రొవ్వును కరగించు స్వభావము గలది. పీల్చినంతనే ఊపిరితిత్తులనుండి నెత్తుటిలో చేరి క్షణములలో మెదడునంటును. మెదడులోని నరముల తంతువులకు, విద్యుత్తీగకు తొడుగువలె, క్రొవ్వుతో కూడిన మైలిన్ అను పొర యుండును. చిరకాలము పీల్చువారికి ఈ పొర చెడును. అంతట చదివినది నిలువదు, మనసు కుదురదు, చేతులు వణకును, నడక తడబడును. ఒక్కమారు పీల్చినను గుండె లయ తప్పి మరణము సంభవింపవచ్చును.

2019లో భారత ప్రభుత్వ సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ ప్రకటించిన నివేదిక ప్రకారము, ఈ మత్తు పెద్దలలో నూటికి 0.58 మందికుండగా, 10 మొదలు 17 ఏండ్ల పిల్లలలో నూటికి 1.17 మందికి కలదు. పెద్దలకంటె పిల్లలలో హెచ్చుగా నున్న మత్తు ఇదియొక్కటే. వెల స్వల్పము, పుస్తకముల సంచిలో నున్నను ఎవరును అనుమానింపరు.

ఇట్టి బాలుని పాఠశాలనుండి వెడలగొట్టవలెనని కొందరందురు. తోటివారికి ఈ దురలవాటు అంటునను వారి భయము నిరాధారము కాదు. అయినను మేము దీనికి సమ్మతింపము. వెడలగొట్టబడినవాడు చేరునది ఆ సీసా దొరకు వీధికే. తొలిదశలోనే మానినచో జ్ఞాపకశక్తి కొంతవరకు మరలివచ్చుట కలదు. ఆలస్యమైనకొలది నష్టము శాశ్వతము కావచ్చును. కావున దండనకు ముందు వైద్యము జరుగవలెను.

తల్లిదండ్రులారా, బట్టలకు రసాయనపు వాసన, నోటిచుట్టు పుండ్లు, జిగురంటిన గుడ్డలు కనిపించినచో బాలుని వైద్యునికి చూపుడు. 14446 సంఖ్యకు టెలిఫోను చేసినచో ఉచితముగా సలహా దొరకును. పీల్చుచుండగా చూచినచో తరుమరాదు, బెదరింపరాదు. ఆ సమయమున కలుగు భయము గుండెకు ప్రాణాపాయము.

విద్యార్థులారా, మిత్రుని ఈ రహస్యమును దాచిపెట్టకుడు. నమ్మదగిన పెద్దలకు తెలుపుడు. జ్ఞాపకశక్తి దేవుడు మనకిచ్చిన వరము. దానిని పోగొట్టుకొనుచున్న సోదరునికి మన పాఠశాల తలుపు తెరచియుండవలెనని మా అభిప్రాయము.