కవి పరిచయం లేని కథ

మొన్న ఈపూరులో బస్సు కోసం నిలబడితే, పక్కనే ఓ పదో తరగతి పిల్లాడు కవి పరిచయం బట్టీ కొడుతున్నాడు: కాలం, జన్మస్థలం, రచనలు, బిరుదులు. పల్నాటి వీరుల కథ బడిలో ఎందుకు ఒదగదో నాకక్కడ తట్టింది. కులమంటారు, ద్విపదంటే చిన్నచూపంటారు. నిజమే గానీ, నా అనుమానమంతా కవి పరిచయంలోని ఆ నాలుగు గళ్ల మీదే. పాఠమన్నాక కవి ఉండి తీరాలి. కార్తీక అమావాస్యకు కారంపూడిలో, నాగులేటి ఒడ్డున, తాతల నోటి నుంచి అందిన కథను పాడేవాళ్లను చూపించి, ఆ గళ్లలో ఎవరి పేరు రాస్తాం? 1911లో అక్కిరాజు ఉమాకాంతం అచ్చు వేయించిన ద్విపదకు శ్రీనాథుడి పేరుంది. ఆ కర్తృత్వం మీద పండితుల తగాదా ఇంకా తెగలేదు. నాకైతే ఆ పేరు, కథను బడిలో చేర్చుకోవడానికి అడిగే టీసీలా కనిపిస్తుంది. టీసీ చూపించాక లోపలికెళ్లి ముందు బెంచీలో కూర్చునేది శ్రీనాథుడే. కథలోని వీరులు బాలచంద్రుడు, కన్నమదాసు, కులాలన్నీ కలిసి తిన్న చాపకూడు వెనక బెంచీకి. అన్నట్టు, ఆ పాడేవాళ్లను పల్నాడులో ఏమంటారో తెలుసా? విద్యావంతులు! ఈలోగా వినుకొండ బస్సొచ్చింది. పిల్లాడింకా బిరుదుల దగ్గరే తడుముకుంటున్నాడు.