ఈ ఏడూ ఆడించాలా?

ఈ సంచికలో ఫుట్‌బాల్ గురించి రాస్తున్నానంటే మా ఇంటావిడ నవ్వింది. మీరూ నవ్వండి, కానీ చివరిదాకా చదవండి. చిక్కు ఆటది కాదు, మనిషిది.

మా వీధి కుర్రాళ్ళు ఆదివారాలు ఆడే జట్టుకు జమాఖర్చులు చూసే పని చాలా ఏళ్ళుగా నాదే. సిప్కాట్‌లో షిఫ్టులు చేసేవాళ్ళు కొందరు, కాలేజీ పిల్లలు కొందరు. ఇళ్ళల్లో తెలుగు, కన్నడం, తమిళం. మైదానంలో మాత్రం మూడూ కలగలిసిన కేకలే. పోయిన నెల నలుగురు వచ్చి వరండాలో కూర్చున్నారు.

"మామా, అన్నకు నలభై దాటింది. వచ్చే ఏడాదికి పేరు రాయించాలా, వద్దా? నువ్వే చెప్పు" అన్నారు.

అన్న అంటే మా స్టాపర్. పద్నాలుగేళ్ళుగా మా గోలు ముందు గోడలా నిలబడిన మనిషి. పోయిన టోర్నమెంటు ఆఖరి ఆటలో ఒక చిన్న కుర్రాడు ఆయన్ను దాటి పరిగెత్తి గోలు కొట్టాడు. అప్పటి నుంచి ఈ మాట నలుగుతోంది. కొత్తొక వింత, పాతొక రోత అని మన పెద్దలు ఊరికే అనలేదు. వారం రోజులు గడువు అడిగాను.

ఆ వారమంతా నాకు హువానన్ గుర్తొస్తూనే ఉన్నాడు. మా ఊరు దాటితే అత్తిబెలె, అదే రోడ్డున పోతే బెంగళూరు. కాబట్టి మా పిల్లలకు బెంగళూరు ఎఫ్.సి. సొంత జట్టులాంటిదే. హువానన్ స్పెయిన్ దేశపు డిఫెండర్. 2016లో ఆ జట్టులో చేరాడు. 2019 మార్చిలో ముంబైలో గోవాను 1-0తో ఓడించి బెంగళూరు ఐ.ఎస్.ఎల్. గెలిచింది. ఆ విజయంలో అతని పాలూ ఉంది. 2020-21లో జట్టు ఏడో స్థానానికి జారింది. 2021లో, 34 ఏళ్ళ వయసులో, అతడు హైదరాబాద్ ఎఫ్.సి.కి మారాడు.

సరిగ్గా ఆ ఏడాదే నిబంధన మారింది. మైదానంలో ఒక జట్టుకు ఐదుగురు విదేశీయులు ఉండేచోట నలుగురే ఉండాలన్నారు. ఉన్న నాలుగు చోట్లలో ఒకటి 34 ఏళ్ళ డిఫెండర్‌కు ఇవ్వడమంటే మాటలా? కోచ్ మనోలో మార్కెజ్ ఇచ్చాడు. పక్కన పాతికేళ్ళ చింగ్లెన్‌సానా సింగ్, ఎడమవైపు ఇరవై ఏళ్ళ ఆకాష్ మిశ్రా. పరుగు పిల్లలది, చూపు పెద్దవాడిది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిసింది. పెనాల్టీ షూటౌట్‌లో హైదరాబాద్ 3-1తో గెలిచింది. మూడు పెనాల్టీలు ఆపిన కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణికి కూడా ముప్పై దాటాయి.

కథ ఇక్కడ ఆపితే పాతవాళ్ళే మేలని తీర్పు చెప్పేయవచ్చు. కానీ మరుసటి ఏడాది హైదరాబాద్ జట్టులో హువానన్ లేడు. ఆ చోటికి ఓదెయ్ ఒనైందియా వచ్చాడు. అయినా జట్టు చెదరలేదు, లీగులో మళ్ళీ రెండో స్థానంలోనే నిలిచింది. (ఆ క్లబ్బే 2025లో ఢిల్లీకి తరలిపోయింది, అది వేరే కథ.) అంటే తీసుకున్నప్పుడు వయసు చూసి జంకలేదు, గెలిచాక కృతజ్ఞత కొద్దీ అట్టేపెట్టుకోనూ లేదు. రెండుసార్లూ చూసింది వచ్చే ఏడాది పనినే.

నేనూ కాగితం తీసి రెండు వరుసలు గీశాను. దూరపు పరుగు పోయింది. వెనక్కి తిరగడం నెమ్మదించింది. కార్నర్ కిక్ వస్తే తలతో కొట్టడం ఉంది. ముప్పు ముందే పసిగట్టి పిల్లల్ని కేకేసి సర్దడం మునుపటికన్నా పెరిగింది. అప్పుడే కాగితం మీద లేని ఇంకొక పేరు తట్టింది. అదే చోటు కోసం రెండేళ్ళుగా బయట కూర్చుంటున్న పందొమ్మిదేళ్ళ కుర్రాడు. అన్నను ఉంచడమంటే వాడిని మూడో ఏడూ కూర్చోబెట్టడమే.

పిల్లల చేత కబురు పంపడం మర్యాద కాదని నేనే ఆయన ఇంటికి వెళ్ళాను. కాఫీ తాగాక విషయం చెప్పాను. కాసేపు గ్లాసు వైపే చూశాడు.

"నేనే చెప్దామనుకుంటా ఉండాను మామా" అన్నాడు. "ఆ పిల్లోడికి కాళ్ళున్నాయి. కానీ బంతినే చూస్తాడు, మనిషిని చూడడు. ఒక్క ఏడు నా పక్కన నిలబెట్టు. నేర్చుకున్నాడంటే నేనే బయట కూర్చుంటా."

"నేర్చుకోకపోతే?"

"అప్పుడు కూడా వాణ్ణే ఆడించాల మామా. నాకింకెన్నేళ్ళు ఉండాయి?"

ఇద్దరి పేర్లూ రాయించాను. అన్నకు ఒక్క ఏడాదికే. మొదటి ఆటలో కుర్రాడు రెండుసార్లు తప్పు చేశాడు, రెండుసార్లూ అన్న కేక మా వీధిదాకా వినిపించింది. ఆట ఓడిపోయాం. నా నిర్ణయం తప్పని కొందరు అప్పుడే అంటున్నారు. ఏడాది గడవనివ్వండి అంటున్నాను.

మీ ఇళ్ళలో, కొట్లలో, సంఘాల్లో ఇలాంటి చిక్కు వచ్చే ఉంటుంది. ఎలా తేల్చారో రాయండి. వచ్చే సంచికలో కలుద్దాం.