పెళ్ళికూతురిని ఎండలో నిలబెట్టే హక్కు ఎవరిచ్చారు?

ఈ మధ్య ఏ పెళ్ళికి వెళ్ళినా ఒకటే మాట. "వాన మొత్తం చెడగొట్టిందండీ!" పాపం, వానేం చేసింది? శ్రావణంలో ముహూర్తం పెట్టుకుని, పైన కప్పు లేని లాన్ బుక్ చేసి, ఫొటోలన్నీ ఆరుబయటే కావాలన్నది మనం. శ్రావణంలో వాన రాకపోతే కదా విచిత్రం!

మన హైదరాబాద్‌లో వాన ఏ గంటకు వస్తుందో చెప్పలేం గానీ, రావచ్చని మాత్రం ఎప్పుడూ అనుకోవచ్చు. మే నెలలో మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, సాయంత్రానికి గాలిదుమారం. అక్టోబర్ కదా, వానలు పోయాయిలే అనుకుంటే 2020 అక్టోబర్ 13 రాత్రి ఏమైందో పాతబస్తీ వాళ్ళకు నేను గుర్తు చేయక్కర్లేదు. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలు చూడండి. చినుకులు పడుతున్నా నెత్తిన బోనంతో ఆడవాళ్ళు నడుస్తూనే ఉంటారు. వాన వస్తుందని తెలిసే ఇంట్లోంచి బయల్దేరతారు కాబట్టి. పెళ్ళి ఫొటోల దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతోంది మనకు?

పైగా దెబ్బ తగిలేది ఎవరికి? పెళ్ళికొడుకు షేర్వాణీ విప్పి కాసేపు ఫ్యాన్ కింద కూర్చోగలడు. అమ్మాయి పట్టుచీర, పూలజడ, వడ్డాణం వీటిలో ఏది తీస్తుంది? ముహూర్తం దాకా ఉపవాసం. మేకప్ పోతుందని, బాత్రూంకి వెళ్ళాల్సి వస్తుందని మంచినీళ్ళు కూడా తాగనివ్వరు. మా బంధువుల అమ్మాయిని ఏప్రిల్ మధ్యాహ్నం ఒక పాత భవనం మెట్ల మీద ఇలాగే గంటన్నర నిలబెట్టారు. కళ్ళు తిరిగి పడిపోయింది. ముఖం తుడిచి లేపగానే "ఇంకొక్క రెండే ఫొటోలమ్మా" అన్నాడు ఫొటోగ్రాఫర్. నాకు ఆయన మీద కన్నా, "రెండే కదా, కాస్త నవ్వమ్మా" అన్న మన పెద్దవాళ్ళ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఎండదెబ్బకు పెళ్ళికూతురు, కూలిమనిషి అనే తేడా ఉంటుందా?

"ఫొటోలు జీవితాంతం ఉండిపోతాయి కదా" అంటారు. నిజమే, నేనూ ఆల్బం తెరిచి చూసుకునేదాన్నే. ఉండిపోతాయి కాబట్టే అడుగుతున్నాను. నడినెత్తిన ఎండ ఉంటే కళ్ళ కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి, కళ్ళు చికిలించుకుపోతాయి. అదే మబ్బు పట్టిన రోజు, తెల్లదుప్పటి అడ్డం కట్టినట్టు వెలుగు ముఖం మీద మెత్తగా పడుతుంది. మనం మబ్బు చూసి ఏడుస్తాం, ఎండ చూసి సంబరపడతాం!

పాతబస్తీ కట్టినవాళ్ళకు ఎండా తెలుసు, వానా తెలుసు. చౌమహల్లాలో ఆ వసారాలు, ఆ కమానులు ఎందుకున్నాయి? షాలిబండ, గౌలిపుర వైపు పాత ఇళ్ళ అరుగులు, దర్వాజాలు ఫొటోకు పనికిరావా? నీడనిచ్చే చోటంతా వదిలేసి ముంగిట ఎండలో నిలబడతాం.

లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని నడపడానికి ఒక మహిళనే పెట్టాడు. అది పరదా కోసమే కావచ్చు. అయినా ఫొటో దిగే మనిషికి ఏం కావాలో ముందు ఆలోచించారు. 130 ఏళ్ళు దాటాక మనం లొకేషన్‌కి ఏం కావాలో ఆలోచిస్తున్నాం.

అందుకే ఆడపిల్లల తల్లులకు చెబుతున్నాను. అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. వాన వస్తే ఎక్కడ తీస్తారు? కుదరకపోతే ఏ రోజుకు మారుస్తారు? డబ్బు సంగతేమిటి? నోటిమాట వద్దు, కాగితం మీద రాయించండి. వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చాక కూడా లాన్‌లోనే అని పట్టుబట్టకండి. ఉరుము వినపడితే అందరూ గదిలోకి రావాల్సిందే, చెట్టు కిందికి కాదు. తడి నేల మీద లైట్ల వైర్లు ఉంటే పిల్లల్ని అటు పోనివ్వకండి. ఆరుబయట ఫొటోలు అంతగా కావాలంటే పెళ్ళి రోజు వద్దు. ఇంకో రోజు పొద్దున్నే, తేలికపాటి చీరలో, కడుపునిండా తిన్నాక తీయించుకోండి.

ఇంకొక్కటి. అమ్మాయి పక్కన చేతిలో నీళ్ళ సీసాతో ఒక గట్టి మనిషిని పెట్టండి, పిన్నో మేనత్తో. "ఇక చాలు" అనే అధికారం ఆవిడకు ముందే ఇవ్వండి. ఆవిడ ఆ మాట అన్నాక అత్తవారైనా సరే, కెమెరావాళ్ళైనా సరే, రెండో మాట మాట్లాడకూడదు.