సొంత కట్ట తెగితే దిగువన ఉన్నవారి గతేమిటి?

2018 మే 9 రాత్రి కెన్యాలోని నకూరు కౌంటీ సోలాయ్‌లో ఒక ప్రైవేటు వ్యవసాయ క్షేత్రానికి చెందిన మట్టి డ్యాం తెగింది. పటేల్ డ్యాం అని దాని పేరు. పంటలకు నీళ్ల కోసం కట్టుకున్నదే. భారీ వానలకు నిండి, చీకటి పడ్డాక ఒక్కసారిగా దిగువ పల్లెల మీద పడింది. 48 మంది చనిపోయారు. వారిలో పిల్లలు చాలామంది. ఆ డ్యాంకు అనుమతి లేదని జలవనరుల అధికారులు తరవాత చెప్పారు. యజమానితో పాటు ప్రభుత్వ అధికారుల మీద కూడా కేసులు పెట్టారు. వారు నేరం ఒప్పుకోలేదు.

ప్రమాదం జరిగాక ఫైలు తెరిచి 'అనుమతి లేదు' అని రాయడం ఏ ఆఫీసులోనైనా తేలికే. ముందురోజు దాకా ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఉంది అన్నదే అసలు ప్రశ్న. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక నాకు ముందు అదే తోస్తుంది. ఇదే ప్రశ్న మన దేశంలోనూ వేసుకోవాలి.

మనకు 2021 డ్యాం భద్రతా చట్టం ఉంది. ఆ ఏడాది డిసెంబరు 30న అమలులోకి వచ్చింది. ప్రైవేటు యజమానులకూ వర్తిస్తుంది. వానాకాలానికి ముందూ తరవాతా తనిఖీ చేయాలి, అత్యవసర ప్రణాళిక తయారుచేయాలి, 5 ఏళ్లలోపు, అంటే 2026 డిసెంబరు 30 లోపల, మొదటి సమగ్ర భద్రతా పరిశీలన జరిపించాలి. మంచి చట్టమే. కాని ఇదంతా 15 మీటర్లకు మించి ఎత్తున్న డ్యాంలకు. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే, కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడం, నీటి నిలవ 10 లక్షల ఘనమీటర్లకు తగ్గకపోవడం వంటి షరతుల్లో ఒకటైనా కలవాలి. 10 మీటర్లలోపు కట్టకు ఈ తనిఖీ, ప్రణాళిక, పరిశీలన నిబంధనలు వర్తించవు.

లెక్క వేసి చూడండి. 9 మీటర్ల కట్ట వెనక 2 లక్షల ఘనమీటర్ల నీళ్లున్నాయనుకుందాం. బరువు 2 లక్షల టన్నులు. 10 టన్నుల లారీలైతే 20 వేల లారీలు. చట్టం ఎత్తును కొలిచింది గాని, కట్ట కింద ఎన్ని గడపలున్నాయో కొలవలేదు. కర్ణాటక కాఫీ తోటల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూత కోసం తడి పెట్టాలి గనుక తోటల్లోనే నీరు నిలవ చేసుకుంటారు. మిగతా రాష్ట్రాల్లోనూ పెద్ద రైతుల సొంత కట్టలు ఉన్నాయి. వాటిలో ఏది గట్టిది, ఏది కాదు అన్నది ఎక్కువగా యజమాని మనస్సాక్షికే వదిలేశాం.

ఈ తగవు మనకు కొత్తది కాదు. కార్వేటినగరం జమీనులో రెండు పాత చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీ దారి కొట్టుకుపోయింది. 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసిన తిరుత్తణి ప్రాంతం ఆ జమీనులోదే. కంపెనీ జమీందారు మీద దావా వేసింది. అది లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1874లో తేలింది. అవి అనాదిగా ఉన్న చెరువులు, ప్రజల సాగు వాటి మీదే ఆధారపడింది, వాటిని కాపాడటం జమీందారు విధి, పూడ్చేసే హక్కు కూడా ఆయనకు లేదు, కాబట్టి అజాగ్రత్త రుజువైతే తప్ప నష్టం కట్టనక్కర్లేదు అన్నారు.

ఆ రక్షణ ఊరి చెరువుకు ఇచ్చినది. తన తోట కోసం, తన లాభం కోసం నీళ్లు కట్టేసుకున్నవాడు అదే మాట చెప్పుకోవడం న్యాయం కాదు. పైగా కోర్టు ఇప్పించేది పరిహారమే, మనిషిని కాదు.

మట్టికట్ట చెప్పకుండా తెగడం అరుదు. కట్ట వెనక చెమ్మ, తూము పక్కన ఊట, కట్ట పొడవునా నెర్రెలు, ఎలుకల బొరియలు, వేళ్లు లోపలికి దిగిన చెట్లు - ఇవన్నీ గుర్తులే. ఊట నీరు తేటగా ఉన్నంతవరకు కొంత వ్యవధి ఉంటుంది. బురదగా మారిందంటే లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. ఇంకొన్ని నీళ్లు ఆపుదామని అలుగుకు ఇసుక బస్తాలు అడ్డం వేయడం అన్నిటికన్నా ప్రమాదం. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే ఇక నిలవదు. 2019 జులై 2న మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే డ్యాం తెగి ఇరవై మంది దాకా పోయారు. అది ప్రభుత్వానిదే. నీరు కారుతోందని ఊరివాళ్లు ముందే మొరపెట్టుకున్నారు. తెగాక ఒక మంత్రి నేరం ఎండ్రకాయల మీద వేశారు.

అందుకే మొర కాగితం మీద ఉండాలి. కూలిపోయి పొరుగువారికి ముప్పు తెచ్చే కట్టడాన్ని బాగు చేయమని యజమానిని ఆదేశించే అధికారం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద, జిల్లా మేజిస్ట్రేటుకూ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకూ ఉంది. అర్జీ తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో రాయలేక మనవాళ్లు ఊరుకుంటున్నారు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకోవచ్చు. మన తెలుగులోనే రాయండి. కట్ట ఎక్కడుంది, దిగువన ఎన్ని ఇళ్లు, ఏం చూశారు, ఏ తేదీన చూశారు అన్నవి రాసి, ఫొటో జతచేసి, ఆఫీసు ముద్ర వేసిన నకలు దగ్గర పెట్టుకోండి. గండి పడే ముప్పు వస్తే హెచ్చరిక తెలుగులో కూడా చాటించాలని అదే అర్జీలో అడగండి. అర్ధరాత్రి పరుగెత్తాల్సిన ముసలమ్మకు అర్థం కాని హెచ్చరిక హెచ్చరికే కాదు.

మన సంఘాలు ఉగాదికి పంచాంగ శ్రవణం ఎటూ పెడుతున్నాయి. వానలు పడేలోపు ఒక ఆదివారం నలుగురు కలిసి ఊరి పైనున్న కట్ట చుట్టూ ఒకసారి నడిచి రావడం కూడా సంఘం పనే.