జమాఖర్చు లేని జీవితచరిత్రలు

ఇదివరకు పదో తరగతి పాసైన పిల్లవాడికి పెన్ను ఇచ్చేవాళ్ళం, కాస్త కలిగినవాళ్ళయితే చేతిగడియారం ఇచ్చేవారు. ఇప్పుడు పుస్తకం ఇస్తున్నాం. మంచిదే. కానీ ఏ పుస్తకం? కోటీశ్వరుడైన ఒక పారిశ్రామికవేత్త జీవితచరిత్ర! మా హిందూపురంలో పంచాంగాల పక్కన, పరీక్ష గైడ్ల పక్కన అవే దొంతరలు. అట్టమీద కోటు తొడుక్కున్న పెద్దమనిషి చేతులు కట్టుకుని, ‘నువ్వూ నాలా కావచ్చు’ అన్నట్టు మనవైపే చూస్తుంటాడు. తప్పక చదవాల్సినవి పది అని ఒకరు, ఇరవై అని ఇంకొకరు జాబితాలు కూడా వేసి ఇస్తారు. ఆ జాబితాల మీద నాకో పెద్ద ఫిర్యాదు ఉంది.

“బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానివి, వ్యాపారం సంగతి నీకెందుకమ్మా?” అంటారేమో. వ్యాపారం తెలియకపోవచ్చు గానీ కథ సంగతి నాకు తెలుసు. కథలోంచి ఒక పాత్రను నెమ్మదిగా బయటికి పంపేస్తే, ఎక్కడ పంపేశారో పట్టుకోగలను. ఈ పుస్తకాల్లో చాలావాటిలో మాయమైపోయిన పాత్ర ఎవరో మీకు నేను చెప్పాలా? అద్దంలో చూసుకుంటే చాలు.

ఆ మహానుభావుడు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాడట. రోజుకు పద్దెనిమిది గంటలు పనిచేస్తాడట. బాగుంది. నాలుగింటికి లేచిన మనిషికి కాఫీ కలిపిందెవరు? ఆయన పద్దెనిమిది గంటలు ఆఫీసులో ఉంటే, పిల్లవాడికి జ్వరం తగిలిన రాత్రి నుదుటిమీద తడిగుడ్డ వేసిందెవరు? ఊరినుంచి వచ్చిన ఆడబిడ్డకు చీర పెట్టి పంపిందెవరు? మంచంలో ఉన్న మామగారికి వేళకు మందు పోసిందెవరు? నాలుగు వందల పేజీల పుస్తకంలో ఆవిడకు దక్కేది ముందుమాట చివర ఒక్క వాక్యం: ‘నా శ్రీమతి సహనానికి కృతజ్ఞతలు.’ సహనమట! ముప్పయ్యేళ్ళ చాకిరీకి అదొక ముద్దుపేరు.

పుస్తకాలే కదా, పోనీలే అని ఊరుకుందామంటే ఊరుకోనివ్వటం లేదు. మా వీధిలో ఒకావిడ ఉంది. పేరెందుకు లెండి. భర్తది చిన్న ఉద్యోగం. ఒక్కడే కొడుకు, ఇంజనీరింగు మూడో ఏడు. ఒకరోజు సాయంత్రం వచ్చి కూర్చుంది.

“ఏందక్కా, పిలగాడు చదువు మానేస్తానంటాడు. పెద్దపెద్దోళ్ళంతా కాలేజీ మానేసినోళ్ళేనంట. పుస్తకంలో ఉందంట.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటానక్కా! చెడ్డ పుస్తకమైతే లాక్కుందును. వాడు చదివేది మంచి పుస్తకమే కదా!”

నాలుగు గాజులూ, ఒక గొలుసూ కుదువకు పోయాయి. ఏడాది తిరక్కుండానే ఆ వ్యాపారమూ పోయింది. ఇప్పుడు ఆ అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఆవిడ రాత్రిపూట రవికలు కుట్టి వడ్డీ కడుతోంది. ‘సాహసం చెయ్యి’ అని పుస్తకం అన్నది కొడుకుతో. చేతులు బోసిపోయింది తల్లికి. ఓడిపోతే ఎవరి గాజులు పోతాయో ఆ పుస్తకం ఏ పేజీలోనూ చెప్పలేదు. నా కోపమంతా ఇక్కడే.

కాలేజీ మానేసిన ఘనుల్లో అందరికీ ముందు గుర్తొచ్చే పేరు బిల్ గేట్స్. ఆ కథ పూర్తిగా చెబితే ఎలా ఉంటుందో చూడండి. ఆయన సియాటిల్‌లో లేక్‌సైడ్ అనే ప్రైవేటు బడిలో చదివాడు. 1968లో, పెద్ద పెద్ద సంస్థలకే కంప్యూటర్లు అపురూపంగా ఉన్న రోజుల్లో, ఆ బడికి ఒక కంప్యూటర్ టెర్మినల్ వచ్చింది. డబ్బు ఎక్కడిది? బడిపిల్లల తల్లుల సంఘం పాత సామాన్లు అమ్మి కూడబెట్టింది! తండ్రి పేరున్న లాయరు, తల్లి పెద్ద సంస్థల బోర్డుల్లో కూర్చున్న మనిషి. అటువంటి కుర్రాడు కాలేజీ మానేస్తే, పడినా పరుపు మీదే పడతాడు. 2025లో అచ్చయిన తన ‘సోర్స్ కోడ్’ పుస్తకంలో ఆయన తన అదృష్టాన్ని దాచుకోలేదు. దాచింది ఎవరంటే, ఆ కథను నాలుగు వాక్యాలకు కుదించి మన పిల్లలకు నూరిపోసేవాళ్ళు. ‘కాలేజీ మానేశాడు’ అన్నది మిగిల్చారు, తల్లుల సంఘాన్ని కొట్టేశారు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్లు తయారుకావటం మొదలైనప్పటి నుంచి మా వైపు కార్ల కబుర్లు ఎక్కువయ్యాయి. కాబట్టి కారు కథ కూడా ఒకటి చెప్పుకుందాం. మోటారు కారు కనిపెట్టింది కార్ల్ బెంజ్ అని పిల్లలు పరీక్షల్లో రాస్తారు. పెళ్ళికి ముందే తన కట్నం సొమ్ము ఇచ్చి ఆయన కార్ఖానా మూతపడకుండా కాపాడింది బెర్తా. అంతటితో ఆగలేదు. 1888 ఆగస్టులో మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్నీ కారెక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్ళింది. నూరు కిలోమీటర్లకు పైమాటే. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొని పోసింది. ఆ బండి అంతదూరం నడుస్తుందని లోకానికి నమ్మకం కుదిర్చిన ప్రయాణం అది. పెట్టుబడీ ఆవిడదే, పరీక్షా ఆవిడదే, ప్రచారమూ ఆవిడదే. ఇంతా చేస్తే పిల్లల జవాబు పత్రంలో ఒక్క మార్కుకు కూడా ఆవిడ పేరు పనికిరాదు.

అంత దూరం ఎందుకు? మనకు దగ్గరే ఉన్న బెంగుళూరు సంగతి చూద్దాం. 1981లో ఇన్ఫోసిస్ మొదలైనప్పుడు నారాయణమూర్తి గారి చేతిలో పెట్టిన పదివేల రూపాయలు సుధామూర్తి గారు దాచుకున్న సొమ్ము. ఆమె కూడా ఇంజనీరే, టెల్కోలో ఉద్యోగం చేసిన మనిషి. అయినా మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే కంపెనీలో ఉండకూడదన్నారు, ఆవిడ బయట ఉండిపోయారు. అలా అనుకోవటం పొరపాటేనని 2024లో ఆయనే అన్నారు. పెద్దమనసు. కానీ ఆ మాట రావటానికి నలభయ్యేళ్ళు దాటింది. ఆ పదివేల కథను మనం ఎలా చెప్పుకుంటామో గమనించారా? ‘భార్య ప్రేమతో ఇచ్చింది’ అంటాం. మరో మగవాడు ఇచ్చి ఉంటే ‘పెట్టుబడిదారు’ అనేవాళ్ళం. డబ్బు అదే, ఇచ్చిన చెయ్యి మారితే పేరు మారిపోతుంది.

ఒకే మనిషి గురించి వచ్చిన రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. స్టీవ్ జాబ్స్ మీద వాల్టర్ ఐజాక్‌సన్ రాసిన పెద్ద పుస్తకం 2011లో వచ్చింది. ప్రతి జాబితాలోనూ ఉంటుంది. 2018లో ఆయన పెద్దకూతురు లీసా ‘స్మాల్ ఫ్రై’ అని తన చిన్ననాటి కథ రాసుకుంది. మొదట్లో తండ్రి తనను కూతురని ఒప్పుకోకపోవటం, తల్లి చాలీచాలని డబ్బుతో తనను పెంచటం, అన్నీ ఉన్నాయందులో. నిజానికి ఐజాక్‌సన్ కూడా ఆ సంగతి దాచలేదు. కానీ మొదటిది వ్యాపార పుస్తకాల జాబితాలో ఉంటే, రెండోది ‘కుటుంబ గాథల’ అరలో ఉంటుంది. కంపెనీ పెట్టిన మనిషి, బిడ్డను వద్దన్న మనిషి వేరువేరా?

“వ్యాపారం నేర్చుకోవటానికి చదివే పుస్తకంలో వంటింటి గోల దేనికమ్మా?” అని ఒక చదువుకున్న పెద్దమనిషి నన్ను అడిగారు. అయ్యా, మీ వ్యాపారశాస్త్రమే చెబుతుంది కదా, జమకు ఖర్చు సరిపోవాలని! ఒకవైపు జమ చూపించి రెండోవైపు కాగితం తెల్లగా వదిలేసిన పద్దును మీ ఆడిటరు ఒప్పుకుంటాడా? ఇంటిల్లిపాదీ పెట్టిన సొమ్మూ, పడిన శ్రమా, పోగొట్టుకున్న నిద్రా ఖర్చు కింద రాయకుండా లాభమంతా ఒక్కడి తెలివితేటల కింద జమకట్టింది జీవితచరిత్ర కాదు, ప్రకటన. ప్రకటనను ప్రకటన అనుకుని చదివితే ఏ ప్రమాదమూ లేదు. ధర్మశాస్త్రమనుకుని చదివితేనే గాజులు కుదువకు పోతాయి.

మా ప్రాంతంలో ఈ సంగతి కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్ళు వస్తాయి. గూడు అల్లిందాకా ఆ పురుగులకు రేయింబగళ్ళు మల్బరీ ఆకు మేపటంలో సగం పని ఆడవాళ్ళదే. గూళ్ళను వేడినీళ్ళలో వేసి పోగు తీసే చోటా వాళ్ళే. ధర్మవరంలో ఏ నేతవారి ఇంటికైనా వెళ్ళి చూడండి. కండెలు చుట్టేది ఇల్లాలు, తెగిన పోగు అతికేది ఇల్లాలు, మగ్గం దిగిన మగనికి అన్నం పెట్టి తానే మగ్గమెక్కే ఇల్లాళ్ళూ ఉన్నారు. కూలి మాత్రం చీరకింత అని ఒక్క పేరు మీద పద్దు పడుతుంది. రెండు జతల చేతుల పనికి ఒక్క పేరు! గొప్పవాళ్ళ జీవితచరిత్రల్లో జరిగేదీ అదే. కాకపోతే అక్కడ అట్ట నున్నగా ఉంటుంది.

1959లో బొంబాయిలో ఏడుగురు గుజరాతీ గృహిణులు ఎనభై రూపాయలు అప్పు తెచ్చి, మేడమీద కూర్చుని అప్పడాలు ఒత్తారు. అదే లిజ్జత్ పాపడ్. ఇవాళ వేలమంది ఆడవాళ్ళు అందులో భాగస్వాములు. ఇంత పెద్ద విజయం ఆ పది పుస్తకాల జాబితాల్లో నాకు ఎక్కడా కనబడలేదు. ఎందుకంటే అందులో ఒక్క నాయకుడు లేడు. అట్టమీద ఎవరి చేతులు కట్టించాలో ప్రకాశకులకు తోచదు!

అలాగని అన్నిటినీ అటక మీద పారెయ్యమని నేననను. లెక్క చెప్పే పుస్తకాలూ ఉన్నాయి. మన తెలుగులోనే డాక్టర్ కె.ఎన్. కేసరి గారి ‘చిన్ననాటి ముచ్చట్లు’ ఉంది. పేరులోనే బడాయి లేదు చూడండి. మద్రాసులో కేసరి కుటీరం పెట్టి, స్త్రీల మందు ‘లోధ్ర’తో పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. ఆడవాళ్ళ కొంగుముడి నుంచి వచ్చిన సొమ్ములో కొంత ఆడవాళ్ళకే తిరిగి ఇవ్వాలనిపించింది కాబోలు, 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రిక పెట్టారు. 1934 నుంచి రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగారు. మొదటిది కనుపర్తి వరలక్ష్మమ్మ గారికి. గాజులు తీయించిన పుస్తకం గురించి చెప్పాను కదా, కంకణం తొడిగిన వ్యాపారి కూడా ఉన్నాడని చెప్పటం న్యాయం.

డాక్టర్ రెడ్డీస్ అంజిరెడ్డి గారి ‘ఆన్ అన్‌ఫినిష్డ్ అజెండా’ ఆయన పోయాక 2015లో వచ్చింది. కొత్త మందు కనిపెట్టాలని ఆయన ఏళ్ళ తరబడి తాపత్రయపడ్డారు. మధుమేహానికి వాళ్ళు కనిపెట్టిన మందు విదేశీ కంపెనీ చేతిలో పరీక్షల దాకా వెళ్ళి 2002లో ఆగిపోయింది. పేరులోనే ‘పూర్తికాని’ అని పెట్టుకున్న వ్యాపారి కథ మన పిల్లలు చదవాలి. పాల విప్లవం కురియన్ గారి ‘ఐ టూ హ్యాడ్ ఎ డ్రీమ్’ కూడా చదివించండి. త్రిభువన్‌దాస్ పటేల్ లేకపోతే తాను లేనని దాపరికం లేకుండా చెప్పుకున్న మనిషి. మద్రాసులో పుట్టి పెప్సీ కంపెనీకి అధిపతి అయిన ఇంద్రా నూయీ 2021లో రాసిన ‘మై లైఫ్ ఇన్ ఫుల్’లో, పిల్లల్ని చూసుకున్న తల్లీ, అత్తగారి వైపువాళ్ళూ పేజీ పేజీకీ ఉంటారు. ఇంట్లో ఆ ఆసరా లేకుండా ఏ ఆడదీ అంత ఎత్తు ఎక్కలేదని, అందుకే ఆ ఆసరా అందరికీ ఏర్పాటు కావాలని ఆవిడ వాదన. మగవాళ్ళు కూడా అలా ఎక్కలేరని నా వాదన. వాళ్ళు రాయరు, అంతే తేడా.

కనుక ఈసారి మీ అబ్బాయికో, అమ్మాయికో ఇలాంటి పుస్తకం కొనిచ్చేటప్పుడు లోపలి అట్టమీద శుభాకాంక్షలతో పాటు మూడు ప్రశ్నలు రాసి ఇవ్వండి. మొదటి డబ్బు ఎవరిది? ఆయన పనిలో ఉన్నంతసేపూ ఇల్లు నడిపిందెవరు? వ్యాపారం మునిగి ఉంటే ముందు మునిగేదెవరు? చదివాక ఈ మూడింటికీ పుస్తకంలోంచే జవాబు చెప్పమనండి. చెప్పగలిగితే అది మంచి పుస్తకం. చెప్పలేకపోతే, ఆ అబ్బాయి నగలు అడగటానికి వచ్చిన రోజున మీరే ఆ ప్రశ్నలు అడగండి. ఇవ్వాలో వద్దో మీ ఇష్టం. ఇస్తే మాత్రం ఒక కాగితం మీద రాయించుకోండి: ‘మా అమ్మ పెట్టుబడి, ఇన్ని తులాలు, ఫలానా తేదీ.’ కొడుకు దగ్గర కాగితమేమిటి, సిగ్గు కాదూ అంటారా? రేపు వాడు గొప్పవాడై జీవితచరిత్ర రాయించుకునేటప్పుడు, రాసేవాడికి కనీసం ఒక ఆధారమైనా దొరకాలి కదండీ!