అల్లర్లు న్యాయమనువారికి



1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు అసువులు బాసిరి. అల్లర్లు చెలరేగినవి; రైళ్లు ఆగినవి; పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. 19న ఆంధ్రరాష్ట్ర ప్రకటన వెలువడినది. కావున అల్లర్లే రాష్ట్రమును తెచ్చినవనియు, అందుచే అవి న్యాయమేననియు మా బళ్లారిలో నేటికిని కొందరు వాదించుచున్నారు.

ఇందు రెండు పొరపాట్లున్నవి. ముందు జరిగినంత మాత్రమున ఏదియు కారణము కాజాలదు. ఆ అల్లర్లకు వెనుక 58 దినముల నిరశనమున్నది, ఏండ్ల తరబడి ఆందోళనమున్నది. ఇక, అల్లర్లే ఫలించినవనుకొన్నను, ఫలించినదెల్ల న్యాయమగునా? అట్లయినచో గుంపు బలమే న్యాయము.

జస్టిస్ మిశ్రా విచారణానంతరము 1953లో మైసూరులో చేరిన తాలూకా మాది. కన్నడిగుల సరసన తరతరములుగా కాపురమున్నవారము. ఆ సూత్రము నొప్పుకొన్నచో, రేపు ఏ భాష గుంపైనను మన వాకిట నిలిచిననాడు ఏమని అడ్డుచెప్పగలము?

— ఒక పాఠకుడు, బళ్లారి