జీతం కదిలింది, కుర్చీ కదలలేదు

పార్లమెంటు సమావేశాల రోజులలో ప్రశ్నోత్తరాల పత్రాలు తిరగవేసేవారికి ఒక ప్రశ్న తరచు ఎదురవుతుంది. కేంద్ర సచివాలయ సర్వీసులో పదోన్నతులు ఎందుకు నిలిచిపోయినవి? అది సాధారణంగా నక్షత్ర గుర్తు లేని ప్రశ్న. అనగా మంత్రిగారు లేచి నిలబడి జవాబు చెప్పనక్కరలేదు. అనుబంధ ప్రశ్నల బెడద ఉండదు. సభాసమక్షంలో ఒక కాగితం ఉంచితే చాలు. ప్రభుత్వ ఫైలు ఎవరి బల్లమీద పుట్టి పైకి నడుస్తుందో, ఆ వేలాది ఉద్యోగుల జీవితాలు మాత్రం ఆ కాగితంలో ఇమిడి ఉన్నవి.

గుంటూరు జిల్లానుంచి వచ్చి, ఇక్కడ ఒక మంత్రిత్వశాఖలో పనిచేసిన మిత్రులొకరు నాకు చాలాకాలంగా పరిచయం. సెక్షన్ ఆఫీసరుగా ఆయన ఒకే కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్నారు. మంత్రులు మారారు, ప్రభుత్వాలు మారినవి. "జీతం పెరగలేదా?" అని ఒకసారి అడిగాను. "పెరగకేమండీ! అది నడుస్తూనే ఉన్నది. నేనే నిలబడి ఉన్నాను" అన్నారు.

ఈ ప్రతిష్టంభనకు మూలాలు రెండు. మొదటిది నిచ్చెన స్వరూపం. అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరు, సెక్షన్ ఆఫీసరు, అండర్ సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ, డైరెక్టరు అనే మెట్లలో పైకి పోయేకొద్దీ చోటు తక్కువ. రెండవది న్యాయవివాదం. పదోన్నతులలో రిజర్వేషన్లు చెల్లవని 1992లో ఇందిరా సాహ్ని కేసులో సుప్రీంకోర్టు చెప్పగా, షెడ్యూల్డు కులాలు, తెగల కోసం 1995లో 77వ రాజ్యాంగ సవరణ వాటిని నిలబెట్టింది. 2001లో 85వ సవరణ సీనియారిటీని కూడా కాపాడింది. 2006లో నాగరాజ్ కేసులో న్యాయస్థానం ఈ సవరణలను సమర్థిస్తూనే, తగిన లెక్కలు చూపాలన్నది. 2018లో ఒక తీర్పు, 2022లో మరొకటి ఆ షరతులను సవరించి, వివరించినవి. కేడరువారీగా లెక్కలు సకాలంలో సిద్ధం చేసుకోవడం ప్రభుత్వ బాధ్యత. అది జరగనందున రిజర్వేషన్ వర్గాల ఉద్యోగీ, ఇతర ఉద్యోగీ ఒకరినొకరు నిందించుకుంటూ ఇద్దరూ ఉన్నచోటనే మిగిలిపోయినారు.

ప్రభుత్వం కనిపెట్టిన మందు డబ్బు. ఐదవ వేతన సంఘం సిఫార్సుపై 1999లో వచ్చిన పథకం పదోన్నతి లేనివారికి 12, 24 ఏళ్లకు పై స్కేలు ఇచ్చింది. ఆరవ సంఘం తరువాత 2008లో దానిని 10, 20, 30 ఏళ్లకు మార్చారు. మన రాష్ట్రాల ఉద్యోగులకు 6, 12, 18, 24 ఏళ్ల స్కేళ్లు సుపరిచితమే. ఇదీ ఆ కోవలోనిదే. హోదా మారదు, బాధ్యత మారదు, సీనియారిటీ మారదు. ఇది కుటుంబానికి ఎంతో ఊరట. అందులో సందేహం లేదు. కాని పదేళ్లు నిరీక్షించడానికి ఇచ్చే పరిహారాన్ని ఎదుగుదల అనడం పొరపాటు.

పదోన్నతి హక్కు కాదు, పదోన్నతికి పరిశీలింపబడడమే హక్కు అని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పినవి. అయినా 1989లో సి.ఎస్.ఐ.ఆర్. ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు మరొక మాట కూడా చెప్పింది. సంస్థ మనిషిని ఒక కొలువు కోసమే కాక యావజ్జీవిత వృత్తి కోసం తీసుకుంటుందనీ, అతనికి ముందుకు సాగే అవకాశం కల్పించాలనీ ఆ తీర్పు సారాంశం.

2020లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన కర్మయోగి పథకం ఉద్యోగుల సామర్థ్యం పెంచుతామన్నది. ఉద్దేశం మెచ్చదగినదే. కాని కొత్త విద్య నేర్చినవానికి కొత్త పని అప్పగించకపోతే ఆ విద్య యోగ్యతా పత్రంగానే మిగులుతుంది. 2024 ఆగస్టులో 45 పదవులను బయటివారితో నింపడానికి ప్రకటన వెలువడి, రిజర్వేషన్ల ప్రశ్నపై దుమారం రేగగా కొద్ది రోజులకే ఉపసంహరింపబడింది. నైపుణ్యం బయటనుంచే రావాలా, లోపల పెంచుకోలేమా అన్న ప్రశ్నపై జరగవలసినంత చర్చ జరగలేదు.

నా దృష్టిలో కావలసినవి మూడు. శాఖాపరమైన పోటీ పరీక్ష ఏటా తప్పక జరగాలి. చొరవ గల యువ ఉద్యోగికి సీనియారిటీ వరుసను దాటి పోయే మార్గమదే. సీనియారిటీ జాబితా ఏటా ప్రకటించాలి. పై స్కేలు పొందిన ఉద్యోగికి, పదవి ఖాళీ లేకపోయినా, పై స్థాయి పనిలో కొంత భాగం అప్పగించాలి. ఉద్యోగి వంతు కూడా ఉన్నది. డెప్యుటేషన్ వచ్చినప్పుడు ఢిల్లీ క్వార్టరు పోతుందని వెనుకాడేవారిని నేనెరుగుదును. సీనియారిటీని నమ్ముకుని పుస్తకం మూసినవానికి ఏ వేతన సంఘమూ సాయపడలేదు.

2022 జూలైలో సచివాలయ సర్వీసులకు చెందిన ఎనిమిది వేలమందికి పైగా ఉద్యోగులకు ఒక్కసారిగా పదోన్నతులు లభించినవి. మా మిత్రులు వారిలో ఒకరు. అభినందించడానికి వెళ్లాను. అండర్ సెక్రటరీ అని కొత్త నామఫలకం బల్లమీద ఉన్నది. సర్వీసు ఇక రెండేళ్లు కూడా లేదు. "పదేళ్ల క్రితం ఈ గది ఇచ్చి ఉంటే పని నేర్చుకుని, నలుగురికి నేర్పేవాణ్ణి. ఇప్పుడు పింఛను కాగితాలు సిద్ధం చేసుకోవాలి" అన్నారు. ఆ పదేళ్లు ఆయనకు మాత్రమే నష్టం కాదు, ప్రభుత్వానికి కూడా నష్టమే. ఆ నష్టం ఎంతో తెలుపగలరా అని సభలో ఎవరైనా నక్షత్ర గుర్తు గల ప్రశ్న వేస్తే వినాలని ఉన్నది.